సెకనుకు రెండు చుక్కలు

ఎల్బీనగర్‌ల బస్సెక్కిన థర్మకోల్ డబ్బా
నార్కట్‌పల్లి కాడ మలుపు తిరిగి
నల్లగొండల నా చేతికొచ్చేటాల్లకు పొద్దు గూకింది.
"ఏమున్నయే, మందులా?" అన్నడు కండక్టరు.
"చేప."
"కొర్రమట్టనా?"
"కాదు, సముద్రంది."
నవ్విండు,
మనకాడ సముద్రం ఏడిది అన్నట్టు.

ఉంది.
పానగల్లు రోడ్డు మీద, రెండో అంతస్తు కిరాయింట్ల,
బియ్యం డ్రమ్ము పక్కన, మూడడుగుల అద్దాల నడుమ.
నేనే కలిపిన.
బోరునీళ్లతోని కాదు,
మా బోరునీళ్ల సంగతి మా పండ్లనడగాలె, మోకాళ్లనడగాలె.
ఫిల్టరు నీళ్లు, లీటరుకు ముప్పై అయిదు గ్రాముల ఉప్పు,
రాత్రంతా తిరిగే మోటరు.
కంటికి కానరాని పురుగులు రాళ్ల మీద కాపురం పెట్టేదాంక
నెలన్నర ఆగిన.
ఓనరు బుచ్చిరాములు సారు మెట్లెక్కొచ్చి చూసి
"ఉత్త నీళ్లనే పెంచుతున్నవా?" అన్నడు.

లైట్లు బంద్ చేసిన.
కవరు మూతి ఇప్పకుంట తొట్టిల తేలేసిన,
లోపలి చలువ, బయటి చలువ ఒక్కటయ్యేదాంక.
తర్వాత బకీటు.
డేటు దాటి పక్కన పడేసిన సెలైన్ గొట్టం ఒకటి,
పైన తొట్టి నుంచి కింద చేప కాడికి.
చక్రం తిప్పి ఆపిన:
సెకనుకు రెండు చుక్కలు.
ఆ లెక్క నా చెయ్యి నిద్రల గూడ మర్వదు.

పగలంత నేను జిల్లా దవఖాన్ల
రక్తం కడిగే మిషన్ల నడుమ తిరుగుత.
మొదటిసారొచ్చినోళ్లకు రెండు గంటలే పెడ్తం.
మురికి నీళ్లకు అలవాటు పడ్డ ఒళ్లు
మంచినీ గూడ ఒక్కసారి తట్టుకోదు,
పిక్కలు పట్టుకుంటయి, తల తిరుగుతది.
చేపయినా అంతే.

మర్రిగూడ దిక్కు నుంచి
మంగళారం, శుక్రారం వస్తది ఈదమ్మ.
సూది గుచ్చేటప్పుడు మాట్లాడాలె ఆమెకు,
అందుకే చేప ముచ్చట చెప్పిన.
"ఏం తాగుతది?"
"ఉప్పునీళ్లే."
"దినామంతనా?"
"దినామంత. తాగి, ఉప్పును మొప్పలకెల్లి బయటికి నూకుతది."
దినానికి మూడు గిలాసలు ఆమెకు,
పచ్చిపులుసు బంద్, తొక్కు బంద్.
గొట్టంల ఎర్రగ తిరుగుతున్న తన నెత్తుర్ని
చానసేపు చూసింది.
"మిషిను లేకుంటనేనా?"

కవరు నీళ్లు తొట్టిల పోయలేదు.
గిన్నెతోని ముంచి, చేపనొక్కదాన్నే వదిలిన.
నారింజ ఒంటికి తెల్ల పట్టీలు, బొటనవేలంత.
పోయి హీటరు వెనక దాక్కున్నది.
ముందు నుంచి ఉన్న నీలం చేప
ఇల్లు నాదని ఎంటబడ్డది.
చెయ్యి పెట్టి రాళ్లన్ని అటిటు మార్చిన,
ఇప్పుడు నీకూ కొత్తే, దానికీ కొత్తే, పో.

రెండో దినం తినలే.
మూడో రాత్రి కరెంటు పోయింది.
బ్యాటరీ పంపు బుడగల చప్పుడు వినుకుంట
చాప మీద కూసున్న.
బాల్చీల నాలుగు వందల రూపాలు ఈదుతుంటే
మనిషికి నిద్రెట్ల వస్తది?
అని నాకు నేనే తిట్టుకున్న గాని,
రూపాల గురించి కాదది.

నాలుగో దినం పొద్దున
నీళ్ల మీద ఏసిన మేతల ఒక్క రవ్వ
నోట్లకు తీస్కొని ఉమ్మేసింది.
మళ్ల తీస్కున్నది.
ఉమ్మలే.

మంగళారం ఈదమ్మ చెప్పులిడిసి
కాంటా ఎక్కకముందే అడిగింది,
"తిన్నదా?"
"తిన్నది."
అప్పుడెక్కింది.
రెండు కిలోలు ఎక్కువ.
నేనేమనలే. ఆమెనే అన్నది, దిక్కు చూడకుంట:
"ఆ చేప యాదికొచ్చి
ఒక్క గిలాస ఎక్కువ తాగిన బిడ్డా."

గిలాస కాదు, బిందె.
మిషినును మెల్లగ పెట్టిన.